కాఫీ కబుర్లు: పునుగుపిల్లి గింజల నుంచి పారిస్‌లో అరకు దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఫిల్టరు ఎలా కడగాలి, పాలు ఎంతసేపు కాచాలి అన్నవి తక్కువ. "ఇది నిజమేనా?" అన్నవే ఎక్కువ. ఫోన్లో ఎవరో పంపిన వింత చదివి, నమ్మాలా వద్దా అని అడుగుతున్నారు. ఇలాంటివంటే నాకు చాలా ఇష్టం. గింజలు వేయించి పొడి పట్టి అమ్మేదాన్ని కాబట్టి ఏ వింత విన్నా ముందు ఒకటే చూస్తాను: దానివల్ల గ్లాసులో కాఫీ మారిందా, రేటు ఒక్కటే మారిందా అని. ఆ లెక్కనే ఈ జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి బాలి వెళ్లి లువాక్ కాఫీ ప్యాకెట్ తెచ్చాడు. పిల్లి తిని విసర్జించిన గింజలట. బోలెడు డబ్బు పోశాడు. తాగొచ్చా? మా అత్తగారు మడి పాటిస్తారు, ఆవిడకు చెప్పాలా?
— ఓ గృహిణి, రాజమహేంద్రవరం

తప్పకుండా చెప్పండమ్మా. ఎవరి గ్లాసులో ఏం పోస్తున్నామో వాళ్లకు తెలియాలి. తాగాలో వద్దో ఆవిడే నిర్ణయించుకుంటారు.

ఇక మీ మొదటి ప్రశ్న. లువాక్ అంటే మన పునుగుపిల్లి కుటుంబానికి చెందిన జంతువు. రాత్రిపూట తోటల్లో తిరుగుతూ బాగా పండిన కాఫీ పండ్లను ఏరుకుని తింటుంది. పైతొక్క, గుజ్జు అరుగుతాయి, గింజ అరగదు. గింజ మీదుండే గట్టి పొర అలాగే ఉండి, దానితో సహా బయటకు వస్తుంది. దాన్ని కడిగి, ఎండబెట్టి, ఆ పొర తీసేసి, 200 డిగ్రీలు దాటిన వేడి మీద వేయిస్తారు. అంత వేడిలో క్రిములు మిగలవు. కాబట్టి ఆరోగ్యం గురించి టెన్షన్ పడక్కర్లేదు.

నా బాధ ఆ జంతువు గురించి. అడవిలో తిరిగే లువాక్ తనకు నచ్చిన పండే తింటుంది, పురుగులూ తింటుంది, వేరే పళ్లూ తింటుంది. గిరాకీ పెరిగాక వాటిని పట్టి ఇరుకు బోనుల్లో పెట్టి, అదే పనిగా కాఫీ పండ్లు మేపడం మొదలైంది. రాత్రి సంచారి, ఒంటరిగా బతికే ప్రాణి. పగలంతా పర్యాటకుల కళ్లముందు బోనులో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఈ కాఫీని 1991లో బ్రిటన్‌కు పరిచయం చేసిన టోనీ వైల్డ్ అనే వ్యాపారే, ఈ సంగతులు చూసి 2013లో దీన్ని కొనొద్దని ప్రచారానికి దిగారు. మొదట తెచ్చినవారే వద్దన్నాక నేను చెప్పడానికి ఏముంది? ప్యాకెట్ మీద "అడవిలో ఏరినవి" అని రాసి ఉన్నా, అది నిజమో కాదో గింజను చూసి చెప్పడం మాలాంటివాళ్ల వల్ల కూడా కాదు.

రుచి సంగతంటారా, చేదు కాస్త తగ్గి మెత్తగా ఉంటుంది. చేదు తగ్గాలంటే గింజను కొంచెం తక్కువ వేయిస్తే చాలు, దానికి ఒక ప్రాణిని బోనులో పెట్టనక్కర్లేదు. ఉన్న ప్యాకెట్ పారేయకండి. ఇంకోటి మాత్రం తేవద్దని అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: ప్రపంచంలో అత్యంత ఖరీదైన కాఫీ అదేనా మరి?
— ఓ బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

కాదండీ. ఆ మాట పాతబడింది. 2025 ఆగస్టులో పనామా దేశపు వేలంలో హసియెండా లా ఎస్మెరాల్డా అనే ఎస్టేటువారి గీషా రకం కాఫీ కిలో 30,204 డాలర్లకు పోయింది. ఉన్నది మొత్తం 20 కిలోలు. దుబాయ్ సంస్థ ఒకటి కొనుక్కుంది. అందులో ఏ జంతువూ లేదు. ఎత్తైన కొండ, మంచి రకం చెట్టు, జాగ్రత్తగా కోసి ఆరబెట్టిన గింజ, అంతే. గీషా డికాషన్‌లో మల్లెపూల వాసన, నిమ్మజాతి పళ్ల పులుపు ఉంటాయని తాగినవాళ్లంతా చెబుతారు. అంత రేటు ఎందుకంటే అది వేలం పోటీ, కొన్న షాపుకు పేరు రావాలన్న పట్టుదల. అయినా ఆ డబ్బు గింజ పండించిన చేతులకు చేరింది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: నేను బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను ఆంటీ. టేబుల్ మీద కాఫీ చుక్క పడి ఆరితే మధ్యలో లేతగా, అంచున ముదురుగా గీత గీసినట్టు ఎందుకు మచ్చ పడుతుంది? మా సార్‌ని అడిగితే నవ్వారు.
— ఓ విద్యార్థిని, కరీంనగర్

నవ్వాల్సిన ప్రశ్న కాదు తల్లీ. ఇదే ప్రశ్నను షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, సిడ్నీ నేగెల్, వాళ్ల తోటివాళ్లు పట్టుకున్నారు. జవాబు 1997లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఆ వ్యాసాన్ని తర్వాత వేలమంది శాస్త్రవేత్తలు తమ పరిశోధనల్లో ఉదహరించారు.

నువ్వే చేసి చూడు. పలుచటి డికాషన్ చుక్క ఒకటి స్టీలు పళ్లెం మీద వెయ్యి. పాలు, పంచదార కలపకు. ఫ్యాను కట్టేసి పక్కన కూర్చో. చుక్క ఆరుతున్నకొద్దీ చిన్నదై లోపలికి ముడుచుకుపోవాలి కదా? ముడుచుకోదు. దాని అంచు పడ్డచోటే పట్టుకుని ఉంటుంది, ఎత్తు మాత్రమే తగ్గుతుంది. చుక్క అంచు దగ్గర పలుచన, గాలికి తెరిచి ఉన్న భాగం ఎక్కువ. అందుకని అక్కడి నీరు తొందరగా ఆవిరవుతుంది. అంచు కదలదు కనుక, పోయిన నీటి చోటు నింపడానికి మధ్యలోంచి నీరు అంచువైపు పారుతుంది. పారుతూ తనతో కాఫీ నలుసుల్ని లాక్కుపోతుంది. చివరికి నలుసులన్నీ అంచున పోగుపడతాయి. భూతద్దం ఉంటే పెట్టి చూడు, ఆ నలుసులు అంచుకు పరుగెత్తడం కనిపిస్తుంది.

దీనితో ఏం ఉపయోగం అంటావేమో. ఇంక్‌జెట్ ప్రింటరులో సిరా చుక్క, ల్యాబులో స్లైడు మీద వేసిన రక్తపు చుక్క, గోడకు వేసే రంగు, ఏది ఆరినా ఇదే గొడవ. రంగు అంతటా సమానంగా పరుచుకోవాలంటే ముందు ఈ అంచు గీతను ఆపాలి. 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు గుండ్రటి నలుసుల బదులు కోలగా సాగిన నలుసులు వేసి చూశారు. అవి నీటి పైపొర మీద ఒకదానికొకటి అతుక్కుని అక్కడే ఉండిపోయాయి, అంచు గీత పడలేదు. ఇది మీ సార్‌కు చూపించు. ఆయన కూడా సంతోషిస్తారు.

ప్రశ్న: మా ఆఫీసులో పాంట్రీ నుంచి సీటు దాకా వచ్చేసరికి కప్పు చుట్టూ కాఫీ ఒలికిపోతుంది. దీనికి కూడా సైన్సు ఉందా?
— ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

ఉందండీ, బహుమతి కూడా వచ్చింది. రుస్లాన్ క్రెచెట్నికోవ్, హాన్స్ మేయర్ అనే ఇద్దరు దీన్ని లెక్కకట్టి 2012లో ఇగ్ నోబెల్ అందుకున్నారు. మొదట నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. మామూలు కప్పులో కాఫీ ఊగే వేగమూ, మనిషి అడుగులు వేసే వేగమూ దాదాపు కలుస్తాయి. అడుగడుగుకీ ఊపు పెరిగి, ఏడో అడుగుకూ పదో అడుగుకూ మధ్య ఒలుకుతుందని వాళ్లు చూపించారు. మెల్లగా బయలుదేరి, కళ్లు కప్పు మీదే పెట్టి నడిస్తే ఒలకడం తగ్గుతుంది. తర్వాత కొరియా విద్యార్థి జివాన్ హాన్ ఇంకో సంగతి కనిపెట్టాడు. కప్పును పక్కనుంచి కాకుండా పైనుంచి, అంచు చుట్టూ వేళ్లు వేసి పట్టుకుంటే ఊపు తగ్గుతుందట. 2017లో అతనికీ ఇగ్ నోబెల్ వచ్చింది.

ఇది చదవగానే మన హోటళ్లలో సర్వర్లు గుర్తొచ్చారు నాకు. పైకి మడత పెట్టిన అంచున్న స్టీలు గ్లాసును వాళ్లు ఎప్పుడూ పైనుంచే పట్టుకుంటారు. వేళ్లు కాలకుండా అలవాటైన పట్టు అది. పైగా కింద డబరా ఉంటుంది, ఒలికినా వృథా కాదు. ఆఫీసుకు ఒక గ్లాసు, డబరా తీసుకెళ్లండి.

మీరు సాఫ్ట్‌వేర్ అన్నారు కాబట్టి మీ వృత్తికి సంబంధించిన కబురు ఒకటి. ప్రపంచంలో మొదటి వెబ్‌క్యామ్ కాపలా కాసింది కాఫీ పాత్రకు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో ట్రోజన్ రూమ్ అనే గది బయట కాఫీ మెషిన్ ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్లు మెట్లు దిగి వచ్చేసరికి పాత్ర ఖాళీ. విసిగిపోయి 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్‌కీ దానికెదురుగా ఒక కెమెరా పెట్టారు. 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు, నలుపు తెలుపు బొమ్మ. పాత్రలో కాఫీ ఉందో లేదో తెలియడానికి అది చాలు. 1993లో దాన్ని వెబ్‌లో పెట్టాక, ఎప్పుడూ కేంబ్రిడ్జి చూడనివాళ్లు కూడా ఆ పాత్రను చూస్తూ కూర్చున్నారు. ల్యాబు వేరే భవనానికి మారుతుండగా 2001 ఆగస్టు 22న కెమెరా కట్టేశారు. ఆ పాత్రను వేలం వేస్తే జర్మనీ పత్రిక 'ష్పీగెల్' ఆన్‌లైన్ విభాగం 3,350 పౌండ్లకు కొనుక్కుంది. అప్పటికి అది పనిచేయని పాత్ర. నాకైతే పనామా కిలో రేటు కన్నా ఈ రేటే నచ్చింది.

ప్రశ్న: చికోరీ కలిపితే కల్తీ కాదా? మా వీధి షాపతను మొహమాటం లేకుండా "ఎంత కలపమంటారు?" అని అడుగుతాడు.
— ఓ రిటైర్డ్ టీచరు, గుడివాడ

అడిగి కలిపితే కల్తీ కాదు మాస్టారూ, చెప్పకుండా కలిపితేనే కల్తీ. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ఎంత కాఫీ, ఎంత చికోరీ అన్నది ప్యాకెట్ మీద రాయాలి. మీ షాపతను అడిగాడంటే పద్ధతైన మనిషి. నేనూ అలాగే అడుగుతాను. "ఎనభై–ఇరవై" అంటే కాఫీ ఎనభై పాళ్లు, చికోరీ ఇరవై.

చికోరీ ఒక మొక్క వేరు. గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండుతుంది. వేరును ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు నల్లటి రంగు, చిక్కదనం, కొంచెం తీపి కలిసిన చేదు ఇస్తుంది. యూరప్‌లో ఇది బాగా పాకింది యుద్ధకాలంలో. 1806లో నెపోలియన్ బ్రిటన్‌తో వ్యాపారం మూయించాక ఓడల్లో కాఫీ రావడం తగ్గిపోయింది. జనం చికోరీతో సరిపెట్టుకున్నారు. దిగ్బంధం పోయినా అలవాటు పోలేదు.

ఇంట్లో పరీక్ష కావాలా? గాజు గ్లాసు నిండా చల్లటి నీళ్లు పోసి, మీద చిటికెడు పొడి చల్లండి. కదపకండి. కాఫీ పొడిలో నూనె ఉంటుంది, చాలాసేపు పైనే తేలుతుంది. చికోరీ నలుసులు వెంటనే దిగిపోతూ వెనక గోధుమరంగు చారలు వదులుతాయి. ఎన్ని చారలు దిగాయో చూస్తే షాపతను చెప్పిన పాళ్లు నిజమో కాదో మీకు సుమారుగా తెలుస్తుంది. ఇన్‌స్టంట్ పొడికి ఈ పరీక్ష పనికిరాదు, అది పూర్తిగా కరిగిపోతుంది.

నా మాట అడిగితే, ఇరవై దాటనివ్వకండి. అంతకు మించితే తాగేది చికోరీ, వాసన చూసేది కాఫీ.

ప్రశ్న: కాఫీ వాసన పట్టడానికి పోలీసులుండేవారని చదివాను. నమ్మొచ్చా?
— ఓ పాఠకుడు, ఖమ్మం

నమ్మండి. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కాలంలో జరిగింది. కాఫీ కోసం దేశం డబ్బంతా బయటికి పోతోందని, జనం బీరు మానేస్తున్నారని ఆయన దిగులు. 1781లో కాఫీ వేయించడం ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాడు. ఇళ్లలో దొంగచాటుగా వేయించేవాళ్లను పట్టుకోవడానికి పాత సైనికుల్ని వీధుల్లో తిప్పాడు. వాసన చూసి ఇల్లు పట్టడమే వాళ్ల ఉద్యోగం. ఇది ఎంత తేలికో నాకు తెలుసు. మా పెనం వేడెక్కి గింజ చిటపటమనే సమయానికి వీధి చివరున్న టైలరు తలెత్తి చూస్తాడు. తలుపులు మూసినా ఆగే వాసన కాదది.

ప్రశ్న: ఆంటీ, అంతరిక్షంలో కాఫీ తాగొచ్చా? బంతుల్లా తేలిపోదా?
— ఏడో తరగతి అబ్బాయి, అనంతపురం

తేలిపోతుంది నాన్నా. అందుకే చాలాకాలం సంచిలో పోసి స్ట్రాతో తాగేవారు. డాన్ పెటిట్ అనే వ్యోమగామికి అది నచ్చలేదు. 2008లో అంతరిక్ష కేంద్రంలోనే ఒక ప్లాస్టిక్ షీటును మడిచి, ఒకవైపు సన్నటి మూల వచ్చేలా కప్పు చేశాడు. ఒత్తి నూనెను పైకి లాక్కున్నట్టు ఆ సన్నటి మూల కాఫీని పెదవి దాకా తెస్తుంది. బరువు లేని చోట కూడా పనిచేసింది. తర్వాత 2015 మే 3న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అక్కడే మెషిన్‌లో తీసిన ఎస్ప్రెస్సోను అలాంటి కప్పుతోనే తాగింది. కప్పు ఉంటే వాసన ముక్కుకు తగులుతుంది, సంచిలో ఉంటే తగలదు. కాఫీ రుచిలో సగం వాసనే కదా. నువ్వు మాత్రం ఇంకొన్నాళ్లు పాలే తాగు.

ప్రశ్న: డల్లాస్ వచ్చాక చిన్న గ్రైండర్ కొనుక్కుని గింజలు ఇంట్లోనే పడుతున్నాను. పొడి గ్రైండర్ గోడలకు అంటుకుని, మూత తీయగానే ఎగిరి వంటగట్టంతా పడుతోంది. ఏం చేయాలి?
— ఓ పాఠకురాలు, డల్లాస్

గింజల్లో రెండు మూడు చుక్కల నీళ్లు వేసి కలిపి, వెంటనే పట్టమ్మా. అంతే.

గింజలు ఒకదానికొకటి రాసుకుని, పగిలి, స్థిర విద్యుత్తు పుడుతుంది. సన్నటి నలుసులు అందుకే లోహానికీ ప్లాస్టిక్‌కీ అతుక్కుంటాయి. 2023 చివర్లో అమెరికాలో దీని మీద పరిశోధన వచ్చింది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో కాఫీ మీద పనిచేసే రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, అగ్నిపర్వతాల బూడిదలో మెరుపులు ఎలా పుడతాయో చదివే శాస్త్రవేత్తలు కలిసి చేశారు. బూడిద నలుసులకూ కాఫీ నలుసులకూ రాపిడి ఒకటేనన్న ఆలోచన ఎంత బాగుందో చూడండి. గింజ ఎంత నల్లగా వేగితే, ఎంత పొడిబారితే, ఎంత సన్నగా పడితే అంత ఎక్కువ విద్యుత్తు అని తేలింది. నీటి చుక్క దాన్ని అణిచేస్తుంది. నలుసులు ఉండ కట్టకపోవడం వల్ల ఎస్ప్రెస్సో కూడా చిక్కగా దిగిందట. అంటే ఇది గ్లాసులోకి వచ్చిన వింత.

చెంచాలు చెంచాలు పోయకండి. చెంచా వెనకవైపు తడిచేసి గింజల్లో ఒకసారి తిప్పితే చాలు. అలా పట్టిన పొడిని ఆ పూటే వాడేయండి, డబ్బాలో దాచొద్దు.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు. నాన్న కొండ మీద కాఫీ పండ్లు కోసి అమ్ముతారు. పారిస్‌లో అరకు కాఫీ షాపు ఉందని కాలేజీలో చెప్పారు. నిజమేనా? మా గింజ కూడా అంత మంచిదేనా?
— డిగ్రీ విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

నిజమే బాబూ. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2017లో పారిస్‌లో, మరే అనే పాత పేటలో అరకు పేరుతోనే షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెల్లుతుందన్న గుర్తింపు, వచ్చింది. మన్యానికి కాఫీ వచ్చింది మాత్రం చాలా ముందు. 1898లో తూర్పుగోదావరి పాములేరు లోయలో బ్రిటిష్‌వాళ్లు మొదట వేశారు. అక్కడి నుంచి కొండకొండకూ ఎక్కింది.

మీ నాన్నగారి తోటలో ఏముందో మీకు నేను చెప్పాలా? పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగ, నీడలో కాఫీ. వేసవి మొదట్లో ఒక వాన పడగానే కొమ్మ పొడుగునా తెల్లటి పూలు విచ్చుకుంటాయి, రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. ఆ రెండు రోజులూ తోటలో నిలబడితే ఇంకెక్కడికీ పోబుద్ధి కాదు. నీడలో కాయ మెల్లగా పండుతుంది కాబట్టి గింజకు తీపి, సువాసన పడతాయి. చెట్టు, ఎత్తు, నీడ, అన్నీ మీకున్నాయి. మంచిదా కాదా అన్నది కోసిన రోజు నుంచి మీరు చేసే పనిలో ఉంటుంది.

మా దగ్గరికి వచ్చే మన్యం గింజల్లో నేను చూసే లోపాలు చెబుతాను. ఒకటి, పచ్చివీ దోరవీ పండువీ కలిపి ఒకేసారి దూసేయడం. దోరకాయ గింజ వేయించినా పాలిపోయి ఉంటుంది, డికాషన్‌కు వగరు వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రగా పండినవే విడతలుగా కోయాలి. రెండోది, కోసిన పండ్లను గోనెసంచిలో రాత్రంతా ఉంచేయడం. వేడెక్కి పులుస్తాయి. ఆ పులుపు ఎంత వేయించినా పోదు. ఆ రోజే నీళ్లలో వేసి, తేలినవి తీసేసి, మునిగినవాటికి తొక్క తీయాలి. మూడోది, నేల మీద, రోడ్డు మీద ఆరబెట్టడం. గింజ మట్టి వాసన ఇట్టే పట్టేస్తుంది. నేలకు ఎత్తుగా వల కట్టి, దాని మీద పలుచగా పరిచి తిప్పుతూ ఆరబెట్టండి.

సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వస్తుంది. పండ్లుగానే అమ్మేస్తే ఈ పనంతా, దానితోపాటు దాని మీద వచ్చే లాభమూ వేరేవాళ్లకు పోతాయి. అందుకని నలుగురు రైతులు కలిసి తొక్క తీసే యంత్రం ఒకటి పెట్టుకోగలరేమో చూడండి. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. సెలవుల్లో నాన్నగారిని తీసుకుని వెళ్లండి. కోత మొదలుకాకముందే, అక్టోబరులోపు వెళితే మంచిది.